డాలరును రూపాయియు: పాతనాణెముల పరీక్ష

అయ్యలారా! మీ యింట తాతలనాటి పెట్టె యడుగున ఐదవ జార్జి చక్రవర్తి తలగల వెండిరూపాయి యొకటి యున్నదనుకొందము. దానిపై 1918 అనియో 1919 అనియో సంవత్సరము ముద్రింపబడి యున్నచో, అందలి వెండి యంతకు ముందు అమెరికాదేశపు డాలరుగా నుండియుండుటకు వీలున్నది. ఇది కట్టుకథ గాదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున మనదేశమునుండి సేనలకు వలయు సరకులు విస్తారముగా నెగుమతి యయ్యెను. వాని వెల చెల్లించుటకు వెండి చాలకపోయెను. కాగితపు నోటుపై నమ్మకము కుదురని జనులు ఖజానాలకడ మూగి రూపాయల నిమ్మని యడుగజొచ్చిరి. ప్రభుత్వమువారు 1917 నవంబరులో ఒక రూపాయి నోటును, 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటును గూడ పుట్టించిరి గాని జనుల కోరిక తీరలేదు. వారికి వెండియే కావలెను. అప్పుడు, 1918 ఏప్రిలులో, అమెరికా ప్రభుత్వమువారు పిట్మను అను శాసనసభ్యుని పేర నొక చట్టము చేసి, తమ ఖజానాలో నిలువయున్న వెండిడాలర్లను కరగించి ఇంగ్లండునకు విక్రయించిరి. అట్లు కరగిన డాలర్లు 27 కోట్ల పైచిలుకు. వానిలో సుమారు 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండి మనదేశపు రూపాయలకై కేటాయింపబడినది.

ఇందొక చక్కని లెక్క గలదు. డాలరునందలి శుద్ధమైన వెండి 371¼ గ్రెయిన్లు. మన రూపాయియందలి శుద్ధమైన వెండి 165 గ్రెయిన్లు. భాగించి చూడుడు: ఒక డాలరునకు సరిగా రెండుంబావు రూపాయలు, గవ్వయైనను హెచ్చుతగ్గులు లేక, లెక్కకు వచ్చును. ఆ లెక్కచొప్పున వచ్చిన వెండి 58 కోట్ల రూపాయలకు సరిపోవును. అందేది యే రూపాయిలోనికి పోయినదో కనిపెట్టుట బ్రహ్మతరము గాదు.

అయితే దీనివలన అమెరికాదేశపు నాణెసంగ్రాహకులకు గొప్ప చిక్కు వచ్చిపడినది. ఏ సంవత్సరపు డాలర్లు ఎన్ని కరగినవో వ్రాసి పెట్టినవారు లేరు. టంకశాల పద్దులలో నొక సంవత్సరమున కోటి డాలర్లు కొట్టబడినవని యున్నను, వానిలో నేడెన్ని మిగిలినవో పద్దు చెప్పదు. కొన్ని సంవత్సరములవి మూటలు మూటలుగా దొరకును. కొన్ని వెదకినను దొరకవు. కాబట్టి నాణెమునకు వెల వచ్చునది ప్రాతదనమువలన గాదు, మిగిలియున్న సంఖ్య తక్కువయగుటవలనను, కోరువారు హెచ్చగుటవలనను, ముద్ర చెడక యుండుటవలనను. ఈ మూడింటిని మనవారు తరచుగా మరతురు. "ఇది నూటయరువదియేండ్లనాటిది, లక్షలు పలుకవలెను" అని విక్టోరియారాణి రూపాయిని తెచ్చి చూపువారు పెక్కురు. దానిమీద 1862 అని యుండును. ఆ 1862 అను సంవత్సరమునే మార్చక 1874 వరకును కొట్టుచు వచ్చిరి; ఏ యేటిదో గుర్తించుటకు చిన్న చుక్కలు మాత్రము పెట్టిరి. అందుచే పాతరూపాయలలో 1862 నాటిదే మిక్కిలి సాధారణము. చుక్కల లెక్క తెలిసినవారికి మాత్రము అందును అరుదైనవి గలవు.

విశాఖపట్టణము ఓడరేవు. 1933లో లోపలి రేవు తెరువబడిననాటినుండి నానాదేశముల నావికులు తమ జేబులలోని చిల్లరను ఇచట విడిచిపోవుచునే యున్నారు. పిమ్మట ఉక్కు కర్మాగారము వచ్చినది, దేశముల వారు వచ్చిరి. ఇప్పుడు మన పిల్లలే అమెరికాలో నుద్యోగములు చేయుచు, సెలవులకు వచ్చునపుడు తాతగారికి వెండిడాలరొకటి తెచ్చి యిచ్చుచున్నారు. బడిపంతులు చదివినవాడు గదా యని అట్టివానిని నాకడకు తెచ్చి చూపుచుందురు. తెచ్చిన వానిలో సగమునకు మించి కూటనాణెములే. కూటము అను మాట నేను కల్పించినది గాదు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున కూటరూపము చేయువానికి దండనము విధించియున్నాడు. నాణెములను పరీక్షించుటకు రూపదర్శకుడను నొక యధికారిని గూడ నియమించియున్నాడు. మన రూపాయి యను పేరునకు మూలమైన రూప్యశబ్దమునకు ముద్ర కొట్టబడినదను నర్థము పాణిని చెప్పెను. రూపము కొట్టినది రూప్యము. ముద్ర కొట్టుట యను నా పనియందే పరీక్ష కంతకును మూలమున్నది.

ఎట్లనగా, నిజమైన నాణెమును మొదట బిళ్ళగా కోసి, రెండు ఉక్కు అచ్చుల నడుమ పెట్టి బలముగా కొట్టుదురు. అప్పుడు లోహము అచ్చులోని సందులలోనికి పారును. అక్షరముల యంచులు కత్తితో కోసినట్లు నిలువుగా వచ్చును. మైదానముపై, అనగా బొమ్మకును అక్షరములకును నడుమనుండు చదునుపై, సన్నని పట్టువంటి నిగ్గు పుట్టును; నాణెమును దీపమునకు ఎదురుగా త్రిప్పినచో ఆ నిగ్గు చక్రపు టాకులవలె తిరుగును. కూటకారులలో బీదవారు అచ్చు చేయలేక మూసలో పోయుదురు. మూసలో పోసిన దానికి అక్షరములు మొద్దుబారి గుండ్రముగా నుండును, మైదానమున సూదిమొనలతో గ్రుచ్చినట్టి గుంటలు కనబడును, అంచున చుట్టును కుట్టువంటి గీత యుండును. ఆకురాయితో రాచి ఆ గీతను దాచుదురు. పదిరెట్లు పెద్దది చేసి చూపు భూతద్దమొకటి కొనియుంచుకొన్నచో ఈ దోషములు తెలిసిపోవును. దానివెల యొక మంచి గొడుగు వెలకంటె తక్కువ.

అంచును చూడక నాణెమును కొనరాదు. బొమ్మ బొరుసులను చూచువారు వేయిమంది యైనచో అంచును చూచువా డొకడు. వెండిరూపాయికిని డాలరుకును అంచున రంపపుపండ్లవంటి సన్నని గీతలు సమానమైన యెడముతో నుండవలెను. ఆ గీతలను పూర్వము పెట్టుటయే మోసమును పట్టుటకు. అంచును గీకి వెండిపొడి దొంగిలించువారు ఆ దినములలో నుండిరి.

తరువాత తూకము. పెద్దలకు తెలిసినదే గాని చిన్నవారికై చెప్పెదను: 1835 చట్టప్రకారము రూపాయి 180 గ్రెయిన్లు, అనగా సరిగా నొక పాత తులము, 11.66 గ్రాములు. మన తాతలు తులపురాయి లేనిచో రూపాయినే తక్కెడలో వేసి బంగారము తూచెడివారు. (ఇప్పుడు కొందరు పదిగ్రాములనే తులమనుచున్నారు. దానితో కలిపి గందరగోళపడకుడు.) మార్గను అను శిల్పి చెక్కిన అమెరికా వెండిడాలరు 26.73 గ్రాములు. 1873లో తూర్పుదేశముల వర్తకమునకై ప్రత్యేకముగా కొట్టిన వ్యాపారపు డాలరు అంతకంటె కొంచెము బరువు, 27.22 గ్రాములు. వాడుకచే అరిగినది కొంచెము తగ్గవచ్చును గాని రెండుమూడు గ్రాములు తగ్గదు. హెచ్చుట యెన్నడును లేదు. మందుల దుకాణములలోను బంగారపు పనివారికడను నుండు చిన్నత్రాసు ఈ పనికి చాలును.

తూకము సరిపోయినంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు. తెలివిగల కూటకారుడు బిళ్ళను మందము చేసి బరువును సరిపెట్టును. వానిని పట్టుటకు నీటిపరీక్ష యున్నది. ఇది ఆర్కిమిడీసు కనిపెట్టిన సూత్రమే. చిన్న గిన్నెలో నీరుపోసి త్రాసుపై పెట్టి, ముల్లును సున్నకు తెండు. నాణెమును సన్నని దారమున కట్టి, గిన్నె యడుగునకు తగులకుండ నీటిలో వ్రేలాడదీయుడు. అప్పుడు త్రాసు చూపు బరువు, నాణెము త్రోసిన నీటి బరువు. నాణెపు బరువును దానిచే భాగించినచో లోహపు సాంద్రత వచ్చును. మంచి రూపాయికిని డాలరుకును 10.3 దరిదాపుగా వచ్చును. రూపాయి విషయమున ఆ నీటి బరువు సుమారు 1.13 గ్రాములు. జర్మనువెండి యను పేరుగల, వెండి యేమాత్రమును లేని మిశ్రలోహముతో చేసినచో లెక్క తొమ్మిదికి లోపున నుండును. ఒక జాగ్రత్త: 1940 మొదలు 1945 వరకు కొట్టిన రూపాయలలో సగము మాత్రమే వెండి. వానికి లెక్క తక్కువ వచ్చినను అవి మంచివే.

సూదంటురాయి పరీక్ష యందరికి తెలిసినదే. వెండి దానికి అంటదు. డాలరని యిచ్చినది టక్కున అంటుకొన్నచో లోపల ఇనుమున్నది. మాట్లాడవలసిన పని లేదు. కాని 1947 రూపాయి శుద్ధమైన నికెలుతో చేసినది, అది నిజమైనదైనను సూదంటురాయికి అంటుకొనును. ఒక గ్రామమున ఈ కారణముచేతనే మంచి 1947 రూపాయిని దొంగదని పిల్లలకు ఆడుకొన నిచ్చివేసిరి. ఇక రాతిపై మ్రోగించి చూచుటయు, గీటురాయిపై గీయుటయు మన షరాబుల పాతపద్ధతులు. అవి లోహమును తెలుపుటలో నిపుణమైనవే. కాని సంగ్రాహకుని నాణెమునకు అవి గాయములు. మ్రోగింపదలచినచో వ్రేలికొనపై నిలిపి పెన్సిలుతో మెల్లగా తట్టి వినుడు.

తేదీని మార్చు మోసము వేరు. దానిలో లోహము మంచిది, తూకము సరి, నీటిలెక్క సరి. అబద్ధ మొక్క యంకెలోనే యుండును. ఆరవ జార్జి బొమ్మగల 1939 వెండిరూపాయి మిక్కిలి అరుదు. కాన 1938 రూపాయిలోని చివరి 8ని చెక్కి 9గా దిద్దుదురు. అమెరికాలోను ఇంతే. 1893లో సాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో లక్ష డాలర్లు మాత్రమే కొట్టబడినవి. ఆ టంకశాల గుర్తు బొరుసువైపున నొక చిన్న అక్షరము. అదే సంవత్సరమున ఫిలడెల్ఫియాలో కొట్టినదానికి గుర్తు లేదు. కూటకారుడు ఫిలడెల్ఫియా డాలరుపై ఆ చిన్న యక్షరమును అతికించి వెలను ఎన్నోరెట్లు పెంచును. భూతద్దమున చూచినచో అక్షరముచుట్టును జిగురుగీత కనబడును, లేదా దిద్దిన యంకె చుట్టును మైదానము తక్కినచోటికంటె గరుకుగా నుండును. అరుదైన సంవత్సరమని చెప్పినప్పుడెల్ల మొదట ఆ యంకెపైననే అద్దము పెట్టవలెను.

మన పిల్లలు తెచ్చు డాలర్లలో మోసము హెచ్చుగా నుండునది వ్యాపారపు డాలరునందు. ఆ నాణెము 1873లో పుట్టినది, 1878తో వాడుకకై కొట్టుట నిలిచినది. ఆపైన 1885 వరకు సంగ్రాహకులకై కొన్నిమాత్రమే చేసిరి. ఇప్పుడు సంతలలో 1872 అనియు, అంతకు ముందటి యేండ్లవనియు చెప్పి అమ్మునవి గలవు. పుట్టకమునుపటి బిడ్డకు జాతకము వ్రాసినట్లు! అసలైనవానిలో పెక్కింటిపై చీనావర్తకులు తమ పరీక్ష యైనదని కొట్టిన చిన్న ముద్రలుండును. మన షరాబులును మొగలాయి రూపాయలపై ఇట్టి గుర్తులు కొట్టెడివారు.

ఇంతవరకు చెప్పినది పరదేశపు మాట. మన పల్లెలను నాశనము చేయుచున్న మోసము వేరొకటి గలదు, దానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఒకవైపున శ్రీరామపట్టాభిషేకమో ఆంజనేయస్వామియో, రెండవవైపున "ఈస్టిండియా కంపెనీ, యూకే, ఒక అణా" లేక "అర్ధణా" యనియు 1616, 1717, 1818 అను సంవత్సరములును గల బిళ్ళలు ఊరూర తిరుగుచున్నవి. కోట్లు పలుకునని చెప్పుదురు. కంపెనీవా రిట్టి నాణెమును ఏనాడును కొట్టలేదు. దేశమంతటికి నొకేతీరుగా అర్ధణా కాణీలు 1835 చట్టమువలన వచ్చినవి. అణా విలువగల బిళ్ళ ఏడవ ఎడ్వర్డు కాలమున, అదియు అంచు వంకరలు గల తెల్లని లోహముతో వచ్చినది. కంపెనీ నాణెముపై "యూకే" యను అక్షరములు లేనే లేవు. 1616లో కంపెనీవారికి మచిలీపట్టణమున వర్తకశాల యుండెను. దేవతల బొమ్మలతో అణాలు కొట్టు ప్రభుత్వము లేదు. అన్నిటికంటె ముందు ఆ యంకెల యందమునే శంకింపవలెను: 16-16, 17-17, 18-18. వినుటకు చెవికింపుగా నున్న సంవత్సరములనే మోసగాడు ఏరుకొన్నాడు.

రాముని బొమ్మగల నిజమైన నాణెములు లేవనుట గాదు. ఆరవీటి తిరుమలరాయలు సీతారామలక్ష్మణులు గల బంగారువరహాను కొట్టించెను. అక్బరుచక్రవర్తియు తన చివరిదినములలో సీతారాముల బొమ్మగల నాణెమును కొట్టించెను. తిరుమలరాయని వరహా మూడున్నర గ్రాములకు మించనిది, చింతగింజంత. ఇక రామటంకాలు అను పేర మన దేవతార్చన పెట్టెలలో నుండునవి పుణ్యక్షేత్రములలో కొన్న పూజాముద్రలు. అవి నాణెములు కావు, ఎన్నడును సంతలో చెల్లలేదు. భక్తితో పూజింపవచ్చును. వెలకట్టువానిని మాత్రము గడప దాటనీయరాదు.

ఆ పూజాముద్రకే, లేక పాత రాగిచెంబునకే, మరియొక మహిమ నంటగట్టి దోచుకొనువారున్నారు. అది బియ్యపుగింజలను తనవైపునకు లాగునట! పిడుగు పడుటవలన అందు ఇరిడియమను లోహము చేరినదట! విదేశములలోని ఆకాశయానసంస్థలు వందలకోట్లు ఇచ్చి కొనునట! ముందుగా పరీక్షఖర్చులకై కొన్నిలక్షలు మాత్రము మనము పెట్టవలయునట! అయ్యలారా, ఇరిడియము బరువైన అరుదైన లోహమే, కాని అది బియ్యమును లాగదు. ఏ లోహమును లాగదు. వారు చూపు గింజలకు ముందుగానే ఇనుపపొడి పట్టించి, చెంబులో సూదంటురాయి దాచుదురు. మీ యింటి గరిసెలోని బియ్యమును మీ చేతితో తీసి పెట్టుడు. ఒక్క గింజయు కదలదు. ఇట్టి ముఠాలను ఆంధ్రదేశమునను ఇతరరాష్ట్రములలోను పోలీసువారు పలుమార్లు పట్టుకొన్నారు. పట్టుకొనుటకు మునుపే పొలము తనఖాపెట్టిన రైతులు ఉన్నారు. కూతురి పెండ్లికై దాచిన సొమ్మును ఇట్లు పోగొట్టుకొన్న యొక పెద్దమనిషి సిగ్గుచే ఫిర్యాదైనను చేయలేదు. ఆయన మౌనమే ఆ ముఠాకు తరువాతి యూరిలో పెట్టుబడి.

సెల్‌ఫోనులో మాట్లాడి "మీ పాత అయిదురూపాయల బిళ్ళకు లక్షలిత్తుము, ముందుగా కమీషను పంపుడు" అనువారు వేరొక తెగ. తాము రిజర్వు బ్యాంకువారమని గూడ చెప్పుదురు. రిజర్వు బ్యాంకువారు 2021 ఆగస్టులో ప్రకటన చేసి, తాము పాతనోట్లను నాణెములను కొనుటగాని అమ్ముటగాని చేయమనియు, అట్టి వ్యవహారములకు కమీషను తీసికొనమనియు, ఎవరికిని అట్టి యధికార మీయలేదనియు తెలిపియున్నారు. కొనువాడు డబ్బిచ్చును, కొనువాడు డబ్బడిగినచో వాడు కొనువాడు కాడు.

మంచి నాణెమని తేలిన పిదప దాని తరము నిర్ణయింపవలెను. ఇందు అమెరికావారు ఒక పద్ధతిని ఏర్పరచిరి. షెల్డను అను పండితుడు 1949లో తమ దేశపు తొలినాటి రాగిసెంట్లను గూర్చి గ్రంథము వ్రాయుచు, ఒకటి మొదలు డెబ్బది వరకు అంకెలు గల తరగతులను కట్టెను. ఏ నాణెమో పోల్చుటకు మాత్రము వీలై పూర్తిగా అరిగిపోయినది ఒకటి. అచ్చునుండి అప్పుడే పడినట్లు మచ్చలేనిది డెబ్బది. అరువది మొదలు పైవన్నియు చేతులు మారనివి. అతడు 1794 నాటి సెంటును ప్రమాణముగా పెట్టుకొని, ఒకటవ తరమున నొక డాలరు వెలగలది డెబ్బదవ తరమున డెబ్బది డాలర్లు చేయునని లెక్కించెను. ఆ వెలలు ఏనాడో మారిపోయినవి, అంకెలు మాత్రము లోకమంతట నిలిచినవి. మన విక్టోరియా రూపాయికి సైతము నేడు ఆ యంకెలే వేయుచున్నారు.

ఆ 1794 సంవత్సరము మనకును సంబంధించినదే. అదే సంవత్సరపు తేదీతో మన ఉత్తరసర్కారుల వాడుకకై, అనగా గంజాము విశాఖపట్టణములు మొదలు దక్షిణమునకు గల ఈ జిల్లాలకై, కంపెనీవారు ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున బోల్టను అను వాని యావిరియంత్రపు కర్మశాలలో రాగినాణెములు కొట్టించిరి. వానిపై "రూపాయికి 48" అనియు చిన్నవానిపై "రూపాయికి 96" అనియు ఇంగ్లీషున నుండును. ఆ శతాబ్దము చివర అదే బోల్టను కర్మశాలనుండి అమెరికా టంకశాలకు సెంట్లు కొట్టుటకై ఖాళీ రాగిబిళ్ళలు ఓడలలో పోయినవి. మన డబ్బును వారి సెంటును ఒకే కొలిమి బిడ్డలు. డబ్బు అనునది మొదట రాగిబిళ్ళ పేరే యని మరవరాదు; తరువాతనే సొమ్మునకంతకును ఆ పేరు వచ్చినది. ఈ సర్కారు నాణెములు మన జిల్లాలో పొలముల దున్నకమున ఇప్పటికిని అప్పుడప్పుడు బయటపడుచుండును. వారు వీరు పనికిరాని రాగియని పాతసామాను వానికి తూచి యిచ్చివేయుట నాకు మిక్కిలి కష్టముగా తోచును.

తరము కట్టునప్పుడు ముఖ్యముగా చూడవలసినవి ఎత్తైన భాగములు. మార్గను డాలరునందు స్త్రీమూర్తి చెవిపైనున్న వెండ్రుకలును, గ్రద్ద రొమ్ముపై ఈకలును మొదట అరుగును. ఐదవ జార్జి రూపాయియందు కిరీటమును, అంగవస్త్రముపైనున్న యేనుగు బొమ్మయు చూడవలెను. 1911 రూపాయిలో ఆ యేనుగు తొండము పొట్టిదై పందివలె కనబడినదని అలజడి పుట్టి, ప్రభుత్వమువారు ఆ రూపాయలను వెనుకకు తీసికొని, 1912లో ఏనుగును సరిదిద్దిరి. పందిరూపాయి యని దానికి పేరు నిలిచినది. అమెరికాలో 1986లో ఒకటియు 1987లో ఒకటియు తరము కట్టు సంస్థలు వెలసి, నాణెమును పరీక్షించి గట్టి గాజువంటి పెట్టెలో మూసి అంకె వేసి యిచ్చుచున్నవి. మంచి పనియే. కాని ఆ పెట్టెలకు గూడ కూటములు పుట్టినవి. పెట్టెమీది సంఖ్యను ఆ సంస్థకడ సరిచూడక నమ్మరాదు.

ఇంత చెప్పియు, నా కన్నులయెదుట మంచి నాణెములను చంపుచున్నది దొంగలు గాదు, చింతపండు! పండుగకు ఇత్తడిసామానుతో పాటు పాతరూపాయలను గూడ చింతపండును ముగ్గును పెట్టి తోముదురు. తళతళలాడును. ఆ తోముటతో పైపొర పోయి వేల గీతలు పడి, డెబ్బది అంకెల మెట్లలో ఇరువది ముప్పది మెట్లు ఒక్క గడియలో దిగిపోవును. వెండిపై క్రమముగా పట్టిన నల్లని నీలపుటందము మలినము గాదు; గంధకపు గాలి తగిలి పట్టినది, అది ముద్రను కాపాడుచున్నది. మట్టి యంటినచో మంచినీటిలో నానబెట్టి మెత్తని గుడ్డపై ఆరవేయుడు, రుద్దవద్దు. కాసులపేరునకై తొలిచిన రంధ్రమును, అతికిన కొక్కెమును గూడ నాణెమునకు గాయములే. ఆభరణమునకు అందము, సంగ్రాహకునికి కాదు. మన సముద్రపుగాలిలో ఉప్పు మెండు. కావున పొడి కాగితపు పొట్లములలో చుట్టి, కర్పూరపుటుండలు తగులనిచోట, రేకుపెట్టెలో పెట్టుట మేలు. మెత్తని చవుక ప్లాస్టికు సంచులు కొన్నాళ్ళకు పచ్చని జిగురు కార్చును.

సీసపు నాణెములకు మరియు జాగ్రత్త కావలెను. పుల్లని గాలి తగిలినచో అవి తెల్లని పొడియై రాలిపోవును. సీసపు నాణెములు మనకెక్కడివి యందురా? మన సాతవాహనులవి. భీమునిపట్టణపు త్రోవలోని తొట్లకొండపై 1988 మొదలు 1993 వరకు జరిగిన త్రవ్వకములలో సాతవాహనుల సీసపునాణెములును రోమకుల వెండినాణెములును కలిసి దొరకినవి. రెండువేల యేండ్లనాడే మన తీరమునకు పరదేశపు వెండి వచ్చుచుండెను. అనకాపల్లికడ శంకరమునందు 1907-08లో అలెగ్జాండరు రీ దొర త్రవ్వించినపుడు సముద్రగుప్తుని బంగారునాణెమును, విషమసిద్ధి బిరుదుగల తూర్పుచాళుక్య విష్ణువర్ధనుని రాగినాణెములును వెలువడెను. గోదావరీతీరమున తెలంగాణములోని కోటిలింగాలలో గ్రామస్థులు ఏరిన చిన్న నాణెములను 1970 దశకమున పరబ్రహ్మశాస్త్రిగారు చదువగా, సాతవాహన వంశకర్తయైన సిముకుని పేరును, అతనికి మునుపటి రాజుల పేర్లును బయటపడినవి. ఆ నాణెములే యొక వర్తకుని సంచిలో ఊరుపేరు లేక దొరకియుండినచో చరిత్రకారులకు వానివలన దాదాపుగా నుపయోగమే లేకపోయెడిది. అవి ఎక్కడ దొరకినవో తెలియుటవలననే ఆ రాజులు ఎక్కడివారో తెలిసినది.

కాబట్టి దున్నునపుడో నూయి త్రవ్వునపుడో కుండలో నాణెములు కనబడినచో చేయవలసిన పని చట్టమే చెప్పుచున్నది. 1878 నాటి నిక్షేపచట్టము ప్రకారము పదిరూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరకినపుడు, దొరకినవాడు కలెక్టరుగారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. దాచినచో వాటా పోవుటయేగాక శిక్షయు గలదు. తెలిపినవాని వాటా ఆ చట్టముననే నిర్ణయింపబడి యున్నది. వెఱచి రాత్రికిరాత్రి కరగించువాడు లోహపువెల మాత్రము పొంది, హక్కును చరిత్రను రెండింటిని పోగొట్టుకొనును. నూరేండ్లు దాటిన నాణెములను అమెరికాలోని పిల్లలకు పంపుటయు కూడదు. 1972 చట్టము అనుమతి లేని యెగుమతిని నిషేధించినది. కలెక్టరుగారికి వ్రాయునపుడు సర్వేనంబరును, ఎన్ని యడుగుల లోతున దొరకినదియు, ఏ దినమున, ఎవరెవరి యెదుట తీసినదియు వ్రాయుడు. కుండ పగిలినను దాని పెంకులను పారవేయక నాణెములతోపాటే యొక గోనెసంచిలో నుంచుడు. కుండ యే కాలపుదో పెంకులు చెప్పగలవు. నాణెములను లెక్కపెట్టి, కడుగక, ఆ మట్టితోడనే అప్పగింపుడు.